ఆ ఇంటి మగవాళ్ళ జబ్బు

ఆయన తనను "అమ్మా" అని పిలవడం చెవిన పడగానే పెద్దసుబ్బమ్మకు కాళ్ళకింద భూమి కదిలినట్టయింది.

దారిన పోయే ఆడమనిషిని పిలిచిన పిలుపు కాదది. కన్నతల్లిని పిలిచినట్టే, గోముగా, "ఇంత సంగటి తినుమ్మా" అన్నాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన నోట "ఏమే" తప్ప వేరే పిలుపు ఆమె ఎరగదు.

వెంటనే మామ గుర్తొచ్చాడు. పులివెందుల పక్క పల్లెలో అంత పెద్ద మందలో ఏ గొర్రె తప్పిపోయినా చూడగానే చెప్పే మనిషి. చివరి రోజుల్లో కట్టుకున్న పెళ్ళాన్నే "అమ్మా, అమ్మా" అంటూ కొంగు పట్టుకుని తిరిగాడు. ఒక మిట్టమధ్యాహ్నం ఇల్లు వదిలి పోయి పాపఘ్ని ఏటి ఇసకలో శవమై దొరికాడు. మామ తమ్ముడిదీ అదే దారి. వయసు మళ్ళేసరికి ఆ ఇంటి మగవాళ్ళకు బుర్రలో దీపం ఆరిపోతుందని ఊరంతా చెప్పుకునేది. ఆడవాళ్ళకు ఏమీ కాదు. మగవాళ్ళను కూర్చోబెట్టి అన్నం తినిపించడమే ఆడవాళ్ళ వంతు.

ఇప్పుడా వంతు తనకొచ్చింది.

అప్పటినుంచి పెద్దసుబ్బమ్మ ఆయన్ను కనిపెట్టుకునే ఉంది. రోజుకొక వింత. "నాయన సచ్చిపాయ గదమ్మా" అని ఒకనాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఎప్పుడో పోయిన మామకు ఇప్పుడేడుస్తున్నాడనుకుంది. పొయ్యి దగ్గర ఎవరో పడుచుమనిషి కూర్చుని ఉంటుంది. ఆయన దానితో గుసగుసలాడతాడు. తను లోపలికి రాగానే ఇద్దరూ మాట ఆపేస్తారు. అది మనిషో దయ్యమో తెలియదు. అడగడానికి భయం.

ఇల్లు వదిలి పోవడం కూడా మొదలైంది. ఉన్నట్టుండి మనిషి కనిపించడు. ఆమె వెతుక్కుంటూ శనగచేల దాకా, వంక దాకా పరుగెత్తేది. చివరికి ఆయనే వెనకనుంచి రొప్పుతూ వచ్చి చెయ్యి పట్టుకునేవాడు.

"యాడికి పోతాండావుమ్మా?" అని తిరిగి తననే అడిగేవాడు.

అన్నిటికన్నా భయపెట్టింది ఆ ముఖం. ఒక్కో పొద్దు అందులో ముడతలే కనిపించేవి కావు. జబ్బు ఆయన జ్ఞాపకాలతో పాటు వయసునూ తుడిచేస్తున్నట్టుండేది.

కొడుకైనా దగ్గరుంటే బాగుండు అనుకునేది. మందతో కొండకు పోయినవాడు ఇంకా రాలేదు.

ఒకనాడు పక్కింటి అజ్మత్ బీ ఉండబట్టలేక అంది. "ఆయప్పను సూస్తాంటే కడుపు తరుక్కపోతాంది సుబ్బక్కా. జమ్మలమడుగులో శానా మంచి డాక్టరమ్మ ఉందంట. ఇద్దరూ పోయి సూపిచ్చుకోని రాండి."

ఆ మాట చెబితే ఆయన ఎగిరిపడతాడనుకుంది పెద్దసుబ్బమ్మ. ఆయన వెంటనే పంచె మార్చుకుని బయల్దేరాడు.

కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. బస్సులు తక్కువ. ముద్దనూరులో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. అక్కడ ఆయన్ను ఒక అరుగు మీద కూర్చోబెట్టి, "ఈడ్నే కూచ్చో, కదలాకు" అని నీళ్ళకు పోయింది. తిరిగి చూస్తే ఆయనా లేడు, అరుగూ లేదు. సందులన్నీ ఒకే మాదిరి ఉన్నాయి. పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు, ఎప్పట్లాగే, వెనకనుంచి ఆ చెయ్యి.

"ఈడ్నే ఉండా కదమ్మా."

జమ్మలమడుగు చేరేదాకా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

నెరిసిన జుట్టు డాక్టరమ్మ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పెద్దసుబ్బమ్మ మామ సంగతీ ఆయన సంగతీ పూసగుచ్చినట్టు చెప్పింది. డాక్టరమ్మ చివరిదాకా విని, "మన రాజధాని ఏ ఊరమ్మా?" అని అడిగింది.

"అది యాడికి మార్చుకున్నా మా గొర్లకు గడ్డి మొలస్తాదా? అవన్నీ మగోళ్ళ సంగతులు డాక్టరమ్మా."

డాక్టరమ్మ నవ్వింది. "పొద్దున ఏం తిన్నారు?"

"ఏముంది, సంగటి కెలికితి. ఊరిబిండి నూరితి. ఈయప్ప రెండు ముద్దలు తిన్యాడు."

ఆయన తల వంచుకున్నాడు.

"ఈ మరుపు మీ ఆడవాళ్ళకెవరికీ రాలేదా?"

"లేదు. ఆ ఇంట్లో మగోళ్ళకే వస్తాది."

"ఆడవాళ్ళకూ వస్తుందమ్మా. చాలామందిని చూశాను," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "మగవాడు మాటకు తడుముకుంటే ఇల్లంతా కనిపెడుతుంది. మాటకారి ఆడమనిషి అయితే ఆ మాటలతోనే మరుపును కప్పేసుకుంటుంది. ఇంట్లోవాళ్ళకు తెలిసేసరికి చాలా దూరం పోయి ఉంటుంది."

"అయ్యో పాపం," అంది పెద్దసుబ్బమ్మ. ఆ ఆడవాళ్ళ మీద ఆమెకు నిజంగానే జాలేసింది. ఆయన చేతిని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. "ఈయప్పకు నయమైతాదా?"

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగి, "నువ్వు చెప్పప్పా," అంది.

ఆయన ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"మా నాయన పోయినప్పట్నుంచి నన్నే ఆయన అనుకుంటాంది డాక్టరమ్మా, మా అమ్మ."