వందేళ్ళ నలుపు

లేదండీ అనే రాశాడు కదా, అనుకుంటూ జానకిరామ్ రెండో దెబ్బ కొట్టాడు. 'లేదండీ.' ఒక్క మాట. ఫోన్లో రాతపూర్వకంగా ఉంది. ఆ మాట నమ్మే డబ్బు పంపాడు. మొదటి దెబ్బ చెంప మీద పడింది, ఇది చెవి మీద. అరచెయ్యి మండుతుంటే, నలభై ఆరేళ్ళుగా ఈ చెయ్యి ఎక్కడ దాక్కుందా అని క్షణం పాటు ఆశ్చర్యపోయాడు కూడా. అతను ఎప్పుడూ ఎవర్నీ కొట్టి ఎరగడు.

లాజరు గోడకు ఆనుకుని చెవి పట్టుకున్నాడు. థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు కూలీగా బూడిద ఎత్తి ఎత్తి నడుం వంగిన మనిషి. కొరియర్ కవరు మీది అడ్రసు పట్టుకుని భవానీపురం నుంచి కొండపల్లి దాకా బండి మీద వచ్చి, ఇంట్లోకి జొరబడి కొట్టే కొనుగోలుదారుణ్ణి అతను ఊహించి ఉండడు.

"ఏం తప్పు చేశానండీ? బిళ్ళ దొంగదా?"

"దొంగదైనా బాగుండేది!"

జానకిరామ్ జేబులోంచి రూపాయి తీసి అతని ముక్కు ముందు పెట్టాడు. విక్టోరియా రాణి బొమ్మ రూపాయి, గృహప్రవేశంలో పంచే స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది. పొద్దున అన్ని పరీక్షలూ చేశాడు. అయస్కాంతానికి అంటుకోలేదు. తూకం సరిపోయింది. గచ్చు మీద వేస్తే ఖంగుమంది. అసలు వెండి, అసలు రూపాయి, పాత నాణేలు పోగుచేసే తను పంతొమ్మిదేళ్ళుగా వెతుకుతున్న అరుదైన ముద్ర. కానీ లాజరు అమ్మకానికి పెట్టిన ఫొటోలో ఉన్న నలుపు లేదు. భూతద్దం పెడితే రాణి చెంప నిండా సన్నటి గీతలు.

"నలుపేదిరా?"

"మసండీ అది. వదిలిపోయింది."

"మసా? వందేళ్ళు పైన పట్టింది ఆ నలుపు ఎక్కడానికి! తోమిన రూపాయి పీనుగు. ఎవడూ ముట్టుకోడు. ఎవరు తోమారు?"

"నేనే బాబూ," అంది గుమ్మంలోంచి లాజరు భార్య తెరేసమ్మ. "మా అమ్మమ్మ పెట్టెలోదండీ అది. ఈయన తోమమన్నాడు. చింతపండేసి, ఇటికపొడేసి, పొద్దున కూర్చుంటే మజ్జాన్నానికి తెల్లబడింది."

తన వేళ్ళు చూపించింది. కొసలు ఒరుసుకుపోయి ఉన్నాయి. ఆమె ముఖంలో భయంతో పాటు కాస్త గర్వం కూడా ఉంది. ఆ గర్వాన్ని జానకిరామ్ భరించలేకపోయాడు.

"నువ్వు తోమమన్నావా?" లాజరు చొక్కా పట్టుకున్నాడు.

"అన్నానండీ. అది కాదండీ, మీరు ఫోన్లో..."

"ఫోన్లో లేదండీ అని రాసి, ఇంట్లో తోమమన్నావా?"

మూడో దెబ్బకు లాజరు పెదవి చిట్లింది. ఇంత కోపం తనకు ఎక్కణ్ణించి వస్తోందో జానకిరామ్‌కు లోలోపల తెలుసు. వేలంలో లక్షలు పలికే రూపాయిని ఈ మనిషి ఏమీ తెలియక రెండు వేలకు పెట్టాడు. అది చూసినప్పటి నుంచీ నిద్ర లేదు. కాజేసిన సొత్తు చేతికొచ్చేసరికి పాడైపోతే, దొంగకు సొంతదారు మీదే కోపం వస్తుంది కాబోలు. ఆ ఆలోచన రాగానే సిగ్గేసింది. సిగ్గేసినందుకు ఇంకా గట్టిగా కుదిపాడు.

"ఒక్క నిమిషం ఆగండి సార్, చూపిస్తాను," అంటూ లాజరు విడిపించుకుని, బల్ల మీదున్న ఫోన్ అందుకున్నాడు. ఏదో తెరిచాడు.

"ఎవర్ని పిలుస్తున్నావురా? మీవాళ్ళనా?"

"కాదండీ, ఇది చూడ..."

జానకిరామ్ రెండు చేతులతో తోసేశాడు. ఫోన్ ఎగిరి తెరేసమ్మ కాళ్ళ దగ్గర పడింది. లాజరు వెల్లకిలా పడ్డాడు. తల రుబ్బురోలు అంచుకు తగిలింది. దొంగ రూపాయిని రాతి మీద వేస్తే వచ్చే మొద్దు చప్పుడు వచ్చింది, అంతే. తర్వాత అతను కదల్లేదు. తల కింద నుంచి నెత్తురు నిదానంగా గచ్చు మీదికి పాకింది.

తెరేసమ్మ కూలబడి, మొగుడి తల ఒళ్ళోకి తీసుకుని చెంగు అదిమిపెట్టింది. రెండో చేత్తో ఫోన్ తీసి జానకిరామ్ వైపు చాచింది.

"108కి కొట్టండి బాబూ. నాకు అచ్చరం ముక్క రాదు. ఊపిరుంది, తొందరగా కొట్టండి!"

అతను ఫోన్ అందుకున్నాడు. లాజరు తెరిచిన చోటే వెలుగుతోంది. పైన తన పేరు. కింద తను రాసిన మాటలు, లాజరు జవాబులు.

'క్లీన్ చెయ్యలేదా?'

'లేదండీ.'

'అస్సలు చెయ్యలేదా?'

'సారీ అండీ.'

'సరే. డబ్బు పంపాను.'

దాని కింద ఇంకొకటి ఉంది. అది జానకిరామ్ ఎప్పుడూ చూడలేదు.

'ఏమనుకోకండి సార్. మురికిది అమ్ముతున్నానని మీకు కష్టమనిపించినట్టుంది. రేపు మా ఆవిడ చేత శుభ్రంగా తోమించి పంపిస్తాను. వద్దంటే ఒక్క మాట చెప్పండి.'

ఒకటే టిక్కు. తనకు చేరలేదు. అసలు ధర తెలిసి లాజరు మనసు మార్చుకుంటాడేమోనని, డబ్బు పంపిన నిమిషంలోనే ఆ నంబరు బ్లాక్ చేసేశాడు మరి.

"కొట్టారా బాబూ?" అంది తెరేసమ్మ తల ఎత్తకుండానే.

"కొడుతున్నానమ్మా," అన్నాడు జానకిరామ్.

ముందు ఆ మాటలన్నీ చెరిపేసి, అప్పుడు 108 నొక్కాడు.