మిగిలిన జత

చీకటి పడబోతోంది. కాపలాదారు పార్కు గేటుకు తాళం వేస్తుంటే, టిక్కెట్లిచ్చే చెల్లెలు అడిగింది.

"చెరువు పక్క బండల మీద ఎవరూ లేరుగా అన్నయ్యా?"

"కింద ఒక్క జత చెప్పులైనా లేవు. చెప్పులు విడవందే నేనెవర్నీ ఎక్కనివ్వను కదా! ఇరవై ఏళ్లుగా ఇదే నా గుర్తు. ఒక్కసారీ తప్పలేదు."

చెల్లెలు గిరుక్కున టిక్కెట్ల గది వైపు తిరిగింది.

"మధ్యాహ్నం జల్లు పడితే, తడుస్తాయని అన్నీ నేనే తెచ్చి గదిలో పెట్టాను. అందరూ వచ్చి తీసుకెళ్లారు. ఒక్క జత మిగిలింది. ఎవరో మరిచిపోయారనుకున్నా."

"చెప్పులు మరిచిపోయి వట్టికాళ్లతో ఇంటికెవరు పోతారే!"

అతను చెట్ల మధ్య నుంచి పరుగెత్తాడు. తడిసిన బండల కింద, చెరువులో ఒక్క బాతూ లేదు. అన్నీ ఒడ్డుకెక్కి, నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాయి.