పైడి జుత్తు

కొండమీద తలనీలాలిచ్చే చోట ఇప్పుడు కత్తికంటే ముందు మిషను తలను తాకుతుంది. ల్యాబులో పెంచిన జుత్తు దేవుడికి చెల్లదు. వరహాలమ్మ తలమీద పచ్చదీపం వెలిగింది.

"సహజమైనదేనమ్మా. కానీ మీది కాదంతంది మిషను," అన్నాడు క్షురకుడు.

"నా కూతురు పైడిది బాబూ. అది పోయినపుడు కుదుళ్లు నా నెత్తికి నాటించీసుకున్నాను. మొక్కు కూడా దానిదే."

ఈ రోజుల్లో అందరూ చేసేదే కాబట్టి, అతను మరేమీ అడగకుండా తల తడిపాడు.

ముడతలు పడ్డ ముఖంపైన పడుచుపిల్ల జుత్తు. ఎటు దువ్వినా, పైడికున్నట్టే, ఎడమపక్క సుడి దగ్గరే పాపిడి విడిపోయేది. మొక్కు తీరితే పిల్ల వెళ్లిపోతుందన్న భయంతో వరహాలమ్మ ఇన్నేళ్లూ వాయిదా వేసింది. తీరకపోతే పిల్లకి దారి దొరకదేమోనని చివరికి బయలుదేరింది.

జడ హుండీలో పడింది. ఆమె ఇంటికొచ్చి, అద్దానికి గుడ్డ కప్పి, ఒంటరిగా పడుకుంది.

కొన్నాళ్లకు స్నానం చేస్తూ నెత్తిమీద చెయ్యి వేస్తే గరుగ్గా తగిలింది. ఎడమపక్క సుడి అప్పుడే తిరుగుతోంది.

ఆమె చెయ్యి తీయలేదు.

"ఎల్లనేదేటే తల్లీ?" అని అడిగి, కొబ్బరినూనె సీసా కోసం వెతుక్కుంది.