ఆరు ఎలుకల గుండెలు

"తేనెనా?" అన్నాడు ప్రొఫెసరు, ఆమె ఇచ్చిన కాగితాన్ని చిటికెన వేలితో బల్ల అంచుదాకా నెట్టేస్తూ. "తేనె గుండెని కాపాడుతుందా? ఇది మందుల పరిశోధనశాల అమ్మా, వంటిల్లు కాదు."

పరిశోధక విద్యార్థిని కిందపడబోతున్న కాగితాన్ని ఒడిసి పట్టుకుంది. ఆ పరిశోధన ప్రతిపాదన మీద సాయంత్రంలోగా ఆయన సంతకం పడాలి. పడకపోతే సీటు పోతుంది, రెండేళ్ళ కష్టం నీళ్ళపాలవుతుంది. సంతకం పెట్టించుకుని వస్తే సినిమాకి వెళ్దామని పొద్దున్నే మొగుడు ఊరించి మరీ పంపాడు.

ఎదుటి కుర్చీలో మందుల కంపెనీ అధికారి ఉన్నాడు. పరాయి మనిషి ఉంటే ప్రొఫెసరుగారి వెటకారం రెట్టింపవుతుంది. చూసేవాళ్ళు లేకుండా ఒకరిని తీసిపారేయడం ఆయనకి దండగమారి పని.

"ఈ అమ్మాయికి పోయిన నెలలోనే పెళ్ళయింది," అన్నాడు అధికారితో. "కొత్త కాపురం. ఇప్పుడు అన్నీ తియ్యగానే కనిపిస్తాయి. ఏడాది పోనివ్వండి, కాకరకాయ మీద పరిశోధన చేస్తానంటుంది."

అధికారి మర్యాద కోసం నవ్వాడు. ఆమెకి ఒళ్ళు మండింది. ఈయన మొహానికి పెళ్ళి గురించి మాట్లాడటం ఒకటి తక్కువైంది అనుకుంటూనే గొంతు సవరించుకుంది.

"ఊరికే అనడం లేదు సార్. ముందు కొన్నాళ్ళు ఎలుకలకి తేనె పట్టి, తర్వాత గుండె దెబ్బతినే ఇంజెక్షన్ ఇచ్చి చూస్తే..."

"చూస్తే ఏముంటుంది? ఎలుకలు లావెక్కుతాయి." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నా మాత్ర చూడు. ఆరు ఎలుకలకి నలభై రోజులు వేశాం. ఆ ఇంజెక్షనే ఇచ్చాం. ఆరు గుండెలూ నిక్షేపంలా ఉన్నాయి. మాత్ర వేయని ఆరింటివీ దెబ్బతిన్నాయి. దాన్ని సైన్సంటారు. నీది చిట్కా. తేనె కాపాడిన గుండె ఒక్కటంటే ఒక్కటి చూపించు, ఇక్కడే సంతకం పెడతాను."

"ప్రయోగం చేయనివ్వకుండా ఫలితం చూపించమంటే ఎలా సార్?"

"చూశారా, నోరు కూడా ఉంది," అంటూ ఆయన కలానికి మూత పెట్టేశాడు.

ఆ టక్కుమన్న చప్పుడుకి ఆమె ప్రాణం ఉసూరుమంది. ఇక సినిమా లేదు, సీటూ లేదు.

అధికారి తన ఫైలు తెరిచాడు. "మాత్ర హక్కులు కొనే ఒప్పందం మీద సంతకాలకి ముందు ఒక్క సందేహం సార్. మీ మాత్ర మా దగ్గర ఒక్క ఎలుకా మింగడం లేదు. ఒకటే చేదు. మేతలో కలిపితే మేతే మానేస్తున్నాయి. మీరెలా మింగించారు?"

ప్రొఫెసరు ముఖం వెలిగిపోయింది. "మీ వాళ్ళకి చేతకాదు, అంతే. మా దగ్గర అన్నిటికీ ఒక పద్ధతి ఉంటుంది." విద్యార్థిని వైపు చూడకుండానే చెయ్యి ఊపాడు. "వెళ్ళి ఎలుకలమ్మని పిలువు."

ఎలుకలమ్మ అంటే బోనుల గదిలో ఎలుకలకి మేతా మందూ పెట్టే ఆయా. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా మాత్ర ఎలా వేశావో ఈయనకి చెప్పు. భయపడకు."

"భయమెందుకు సారూ? చంటిపిల్లలకి వేసినట్టే. మెత్తగా నూరి, మా ఇంట్లో తేనె తెచ్చి, అందులో రంగరించి నాకించాను."

విద్యార్థిని చేతిలోని కాగితాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"తేనెలోనా," అన్నాడు ప్రొఫెసరు. ఫైల్లో రాసుకుంటున్న అధికారి కలం ఆగిపోవడం చూసి చప్పున తేరుకున్నాడు. "అయితే ఏమైంది? చేదు తెలియకుండా ఏదో ఒకటి ఉండాలిగా. పనిచేసింది నా మాత్ర. అది లోపలికి పోయిందా లేదా, అంతవరకే చెప్పు."

ఎలుకలమ్మ ఆయన్ని జాలిగా చూసింది.

"ఎక్కడ పోతుంది సారూ, అవి మీకంటే గడుసువి. వాసన పట్టేసి మూతి తిప్పేసుకునేవి. నోరులేని జీవాల ఉసురు మనకెందుకని, రెండో రోజునుంచి మాత్ర పారేసి ఉత్త తేనె నాకించాను."