ఇద్దరు మార్సలీలు

పూర్వీకుల జాడ వెతుక్కుంటూ కెనడా నుంచి మా లూయిస్ దీవికి వచ్చిన మార్సలి అక్కని నానమ్మ వారంరోజులుగా నెత్తిన పెట్టుకుని చూసుకుంటోంది. మేడమీద నా మంచం కూడా ఆమెకే ఇచ్చింది.

చర్చి పుట్టుకల పుస్తకంలో ఆమె ముత్తవ్వ మార్సలి పేరు దొరికింది. కానీ అదే తల్లిదండ్రుల కింద, అదే పేరు రెండుసార్లు ఉంది.

"మొదటి మార్సలి ఈ ఇంట్లోనే, మూడేళ్లకే పోయిందమ్మా. ఆ పేరే తర్వాత పుట్టినదానికి పెట్టారు. కెనడా ఓడెక్కింది ఆ రెండోదే," అంది నానమ్మ. నావైపు తిరిగి, "చీకటిపడ్డాక ఈ ఇంట్లో ఆ పేరు పెట్టి పిలవకే పిల్లా. పేరు పోగొట్టుకున్నది ఊరుకోదు," అంది.

"నన్నయితే పగలు కూడా ఎవరూ పిలవరు."

"ఎక్కడికి పోతావని పిలవాలే నిన్ను?" అని నవ్వింది.

ఆ రాత్రి వెన్న రాసిన ఓట్స్ రొట్టెలో పెద్దముక్క అక్క పళ్లెంలోకే వెళ్లింది. నాకు కడుపు మండింది. మెట్లకింద నిలబడి కావాలనే పిలిచాను.

"మార్సలీ, భోజనానికి రా."

"వస్తున్నా చెల్లీ," అంది అక్క పైనుంచి.

నానమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. బయట గాలి కూడా ఆగింది. మెట్లమీద అక్క బూట్లు నిదానంగా దిగుతున్నాయి. వాటికంటే ముందు చిన్న ఒట్టిపాదాలు పరుగెత్తుకుంటూ వస్తున్నాయి, పిలిచిన నా దగ్గరికి.