నిమ్మకాయల మేకు

కొలతగ్లాసు కనపడక నాగవేణి పొద్దున్నే గొడవకి దిగింది.

కుక్కర్‌తో పాటు వచ్చిన గ్లాసది. దానితో కొలిస్తే తప్ప ఆమెకి అన్నం కుదరదు. పెరట్లోకి వెళ్ళి చూస్తే మొగుడు తిరుమలేష్ చేతిలో ఉంది, అడుగున పడవకి పూసే రెసిన్ జిగురు గడ్డకట్టి.

"గ్లాసే కదా, కంప్లిలో దొరకనిదా?" అన్నాడు.

"దొరికేదయితే పడవకే ఇంకోటి కొనుక్కోవాల్సింది."

ఆ పడవ హోస్పేటలో పాతదిగా కొన్న ప్లైవుడ్ పడవ. ఏటి నడుమ లంకలో వాళ్ళకి మూడెకరాలుంది. డ్యామ్ గేట్లు ఎత్తితే నాట్లేసే ఆడవాళ్ళు అక్కడికి నడిచి వెళ్ళలేరు. వానల్లోపు పడవ బాగుపడకపోతే ఈ ఏడూ ఆ నేల బీడే.

కంచె అవతల నుంచి ఎవరో పలకరించారు.

"రెసిన్ ఒక్కతూరే అంత కలిపితే ఎట్లప్పా? గడ్డకట్టినాక యాడ పూస్తావు?"

అరవై ఏళ్ళుంటాయి. పేరు హొన్నూరప్ప, ఊరు కూరెకుప్ప. ఫైబర్ పని వచ్చునన్నాడు. కూలి ఎంతంటే, మధ్యాహ్నం ఒక ముద్ద పెడితే చాలన్నాడు.

నాగవేణికి అక్కడే అర్థం కాలేదు. ఈ రోజుల్లో అన్నానికి పని చేసేదెవరు?

మొదటిరోజు ఒక్క చుక్క పూయలేదు. పాత రంగు గీకి, గరుకు కాగితంతో రుద్ది, వేలి కణుపుతో అంగుళం అంగుళం కొట్టి విని, పడవని ఎండకి వదిలేశాడు. రెండోరోజు చెక్కకి పల్చగా రెసిన్ తాగించి, ఆరేదాకా పక్కనే కూర్చున్నాడు. మూడోరోజు గానీ ఫైబర్ గుడ్డ పరవలేదు. బయటికే కాదు, లోపలివైపూ, ప్లైవుడ్ అంచులకూ మూడేసి పూతలు.

"లోపల ఎవరు చూస్తారు పెద్దాయనా?" అంది నాగవేణి.

"నీళ్ళు చూస్తాయమ్మా."

అన్నం తింటూ, ఎంతమంది ఎక్కుతారని అడిగాడు. పదిమంది అంది. పిల్లలు కూడానా అన్నాడు. ఒక్కోసారి తన కూతురు హేమ కూడా ఎక్కుతుందని చెప్పింది. ఆయన సగం అన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు. కూరలో ఉప్పు ఎక్కువైందేమోనని ఆమె వెళ్ళి రుచి చూసుకుంది. ఉప్పు సరిగ్గానే ఉంది.

పడవ నీళ్ళలోకి దించే రోజు అత్తగారు సరోజినీదేవి నిమ్మకాయలూ మిరపకాయలూ దండగుచ్చి తెచ్చి, పడవ ముక్కుకి పొడవాటి మేకు కొట్టించి వేలాడదీసింది. గోదావరి ఒడ్డున ఆమె పుట్టింటివాళ్ళు ఏ పడవకైనా అలాగే కట్టేవారట.

హొన్నూరప్ప వచ్చి, మేకు పీకి, కన్నంలో రెసిన్ నింపాడు.

సరోజినీదేవి మొహం ఎర్రబడింది. "శుభమా అని కట్టుకుంటే పీకేస్తావా? నువ్వెవరివయ్యా చెప్పడానికి?"

"మేకు వద్దమ్మా. తాడుతో కట్టుకోండి. కన్నం పడితే చెక్క లోపలికి నీళ్ళు పోతాయి."

ఇంత మందాన గుడ్డేశాక ఒక్క మేకుకి ఏమవుతుందని తిరుమలేష్ నవ్వాడు. తల్లి నవ్వలేదు. ఆ మనిషి ఇక గుమ్మం తొక్కకూడదంది. రేపట్నుంచి రానక్కర్లేదని హొన్నూరప్పకి చెప్పక తప్పలేదు తిరుమలేష్‌కి.

ఆయన బతిమాలలేదు. వెళుతూ వెళుతూ నాగవేణి దగ్గర ఆగాడు.

"పాపని మాత్రం ఎక్కించొద్దమ్మా."

అది శాపమా, జాగ్రత్తా? ఆమెకి తేలలేదు. అత్తగారు మాత్రం శాపమేనని తేల్చేసి, మేకు మళ్ళీ కొట్టించింది.

నెలన్నర పాటు పడవ ఎరువు బస్తాలు మోసింది. మర్నాడు నాట్లనగా, దండ మార్చబోయిన నాగవేణి మేకు పక్కన బొటనవేలు ఆనించింది. వేలు లోపలికి దిగింది. మేకు చుట్టూ నల్లటి నీళ్ళు ఊరాయి. గుడ్డ కింద జానెడు మేర చెక్క పొరలు పొరలుగా విడిపోయింది. మిగతా పడవంతా ఆయనలాగే కొట్టి చూసింది. రాయిలా ఉంది.

తిరుమలేష్ బండేసుకుని కూరెకుప్ప పోయాడు. భోజనాల వేళకి ఒక్కడే తిరిగొచ్చాడు. ఇంటికి తాళమట. ఏటి వెంబడి ఎక్కడ పడవ బోర్లించి కనిపిస్తే అక్కడికి పోతాడనీ, మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదనీ పక్కింటి రుద్రమ్మ చెప్పిందట. ఆమె చెప్పిన ఇంకో సంగతి అతను వరండాలోనే తల్లికి చెప్పాడు. వంటింట్లో ఉన్న నాగవేణికి అది వినపడలేదు.

సరోజినీదేవి కంచం ముందు కూర్చుని చాలాసేపు అన్నం కలపలేదు.

"రేపు నాట్లు ఆపేయండి," అంది చివరికి. "మేకు నేనే పీకుతాను. ముక్కు కోయించి, ఆయన చేసినట్టే మళ్ళీ చేయించేదాకా పడవ ఎవరూ ఎక్కొద్దు. లంక బీడు పడితే పడనీ."

"నారు ముదిరిపోతుంది కదా అత్తయ్యా," అంది నాగవేణి. ఆయన పేరెత్తితేనే మండిపడే మనిషి ఇలా మాట్లాడటం ఆమెకి అంతుపట్టలేదు.

పన్నెండేళ్ళ కిందట హొన్నూరప్ప తాను చేసిన పడవకి తన చేత్తోనే మేకు కొట్టి నిమ్మకాయలు కట్టాడనీ, నడి ఏట్లో దాని ముక్కు విచ్చుకున్న రోజు నాట్లకి పోయే ఆడవాళ్ళతో పాటు ఆయన తొమ్మిదేళ్ళ కూతురు భూమిక కూడా అందులో ఉందనీ, తిరుమలేష్ కంచంలోంచి తలెత్తకుండా చెప్పాడు.