మొగుడికి తల్లి

“నా పెనిమిటికి నాను తల్లినేటి బాబూ?” అంది నూకాలమ్మ.

“నేనన్లేదు. కంప్యూటర్ అంది,” అన్నాడు సూర్యం, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

అది ఎనభై ఏడో సంవత్సరం. ఉత్తరాదిన గమ్హరియాలో ఆ కార్ఖానాకి కంప్యూటర్ కొత్త. అదంటే మేనేజరుక్కూడా భయమే. దాన్ని నడపడం సూర్యం ఒక్కడికే వచ్చు.

పచ్చకామెర్లతో పోయిన పోలయ్య ఉద్యోగం అతని భార్యకివ్వాలంటే ముందు అది ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. పోలయ్యకి నూకాలమ్మ తల్లి అంది. కొడుకు కన్నా తల్లి వయసు తక్కువ కాబట్టి దరఖాస్తు చెల్లదంది. సాయంత్రానికి పేర్లు పై ఆఫీసుకి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత దేవుడొచ్చినా ఉద్యోగం లేదు.

“రూల్ రూలే. చలో, చలో.”

నూకాలమ్మ కళ్ళొత్తుకుంటూ లేచింది. ఆమె వెనకాల నిలబడ్డ పెద్దావిడ మాత్రం కదల్లేదు. నూకాలమ్మ భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టింది.

“నువ్వెవరు?” అన్నాడు సూర్యం.

“ధనమ్మంటారు. సీకాకుళం కాడ్నించి వచ్చినాను. ఆ పెట్టిని సరింగా అడుగు బాబూ.”

“అడిగేదేముంది? పేరు చివర అమ్మ ఉందిగా. అమ్మంటే తల్లేగా!”

ధనమ్మ నోరు తెరిచింది. ఇంక ఆపడం ఎవరి తరం?

“ఓలమ్మో! మా ఈదిలో నిన్న పుట్టిన గుంటకీ నూకాలమ్మనే పేరెట్టినారు. అదెవుడికి తల్లి? నువ్వూ తెలుగోడివే కదా. మీ ఇంట్లో పేరు సివర అమ్మ లేని ఆడదుందేటి?”

సూర్యం చెవులు ఎర్రబడ్డాయి. అతని భార్య పేరు కస్తూరమ్మ.

“మాయీ, జ్యాదా మత్ బోలో. ఎక్కువ మాట్లాడితే బయటికి గెంటిస్తా.”

“గెంటించు. గేటు కాడ కూకుని ఇదే మాటంటాను. ఈ పిల్లకి నాయం జరిగితే గానీ నాను రైలెక్కను.”

విసుక్కుంటూనే సూర్యం ప్రోగ్రాం తెరిచాడు. అది కలకత్తాలో ఎవరో రాసింది. నూకాలమ్మ దరఖాస్తులో చుట్టరికం గడి ఎవరూ నింపలేదు. చుట్టరికం గడి ఖాళీగా ఉంటే పేరు చూడు. చివర అమ్మ ఉంటే తల్లి. లేకపోతే వయసు చూడు. ఒక షరతు లోపల ఇంకో షరతు, దాని లోపల మరోటి, ఉల్లిపాయ పొరల్లా ఉన్నాయి.

అమ్మ షరతు తీసేసి మీట నొక్కాడు.

ఈసారి నూకాలమ్మ మొగుడికి కూతురైంది.

“బాగుంది! ఇంకోపాలి నొక్కు, మనవరాలవుద్ది,” అంది ధనమ్మ.

పక్క బల్ల దగ్గర గుమాస్తా నీలకంఠం కిసుక్కున నవ్వాడు. సూర్యానికి ఒళ్ళు మండింది. లోపలి షరతు మార్చాడు. చెల్లెలైంది.

“ఛీ ఛీ, పాపం!” అని నూకాలమ్మ చెవులు మూసుకుంది.

“తెలీకపోతే మనిసినడగాల బాబూ,” అంది ధనమ్మ. “నీకు నువ్వే సుట్టరికం కలిపేత్తే ఎలాగ?”

సూర్యం తిట్టబోయి ఆగిపోయాడు. ముసలిది చెప్పింది నిజమే. ఆ షరతులన్నీ చెరిపేశాడు. గడి ఖాళీగా ఉంటే ఏమీ తేల్చకు, అడుగు. అంతే రాశాడు.

ఈమె ఉద్యోగికి ఏమవుతుందని తెర అడిగింది. భార్య అని కొట్టాడు.

దరఖాస్తు చెల్లింది.

నూకాలమ్మ భోరుమంది. ధనమ్మ ఆమె తల నిమిరింది.

“ఏడుపెందుకే? పిల్లల్ని సదివించుకో. నా రైలుకి టయమైపోతంది, ఎల్తాను,” అని గబగబా వెళ్ళిపోయింది.

సూర్యం కాగితం అచ్చు తీసి నూకాలమ్మ చేతికిచ్చాడు. అతనికి సిగ్గుగా ఉంది.

“మీ అమ్మ గట్టి మనిషి. గెంటిస్తానన్నందుకు ఏమీ అనుకోవద్దని చెప్పు.”

“మాయమ్మ కాదు బాబూ, నా సవితి,” అంది నూకాలమ్మ. “ఆయన ముందు తాళి కట్టింది ఆవిడకే, ఈ ఉద్దోగం అడిగే అక్కు కూడా ఆవిడదే.”